నురగ వస్తే మురికి పోయినట్టే

మా స్వాబియా గుట్టల్లో వచ్చేవి నీళ్ళు కావు, కరిగిన రాళ్ళు. మా పాదిరీ గారు పసిపిల్లల నెత్తిన దీవెన నీళ్ళు పోసి వెంటనే తుడవకపోతే, పిల్లలకు పేరుతో పాటు తెల్ల టోపీ కూడా వచ్చేది. మా చిన్నాన్న ఒక ఆదివారం స్నానాల తొట్టిలో కునుకు తీశాడు. సోమవారం సుత్తీ ఉలీ పెట్టి విడదీయాల్సి వచ్చింది. ఎడమ మోకాలు మాత్రం ఊడి రాలేదు, ఇప్పటికీ ఆ తొట్టికే ఉంది.

ఇందులో పదో వంతు నిజం. మా ఊళ్ళో ఆ లెక్క అందరికీ తెలుసు. ఈ రాప్, అంటే నేను, ఒక మాట చెప్పాడంటే పదితో భాగించుకుని, మిగిలినదాన్ని ఉప్పు నీళ్ళలో కడిగి, అప్పుడు నమ్మాలి. నేను బడికి వెళ్ళింది ఆరేళ్ళు. నల్లాలూ గొట్టాలూ బాగుచేసింది నలభై ఎనిమిదేళ్ళు. గొట్టాల్లో గార గీకుతూ అంతకాలం గడిపినవాడికి అబద్ధాలు తప్ప వేరే సరదా ఏముంటుంది?

మా పక్క వాటాలోకి వచ్చిన వీబ్కేకి ఆ లెక్క తెలియదు. ఆవిడ ఉత్తరాదిది, సముద్రపు ఒడ్డు మనిషి. అక్కడ వాడేది వాన నీళ్ళు. గాజు గ్లాసు కడిగి బోర్లిస్తే బోర్లించినట్టే మెరుస్తుందట. అరవై దాటిన మనిషి, ఎర్రటి చేతులు, పెద్ద గొంతు. ఆవిడ మొగుడు హిన్నెర్క్ లారీ తోలేవాడు. మా గుట్ట ఎక్కే మలుపులో అతనికి పక్షవాతం వచ్చింది. లారీ ఆగింది గానీ మనిషి మళ్ళీ లేవలేదు. కుడి పక్కంతా పోయింది, మాట పోయింది. దూర ప్రయాణం చేయిస్తే ప్రాణానికే ముప్పన్నారు డాక్టర్లు. అందుకని మా వీధిలో సన్యాసినులు నడిపే రోగుల ఇంట్లో, పై అంతస్తులో, వీధివైపు గదిలో పడుకోబెట్టారు.

ఆ ఇంటి నియమాలు మా నీళ్ళకంటే గట్టివి. చూడడానికి వచ్చేవాళ్ళు మధ్యాహ్నం రెండు తర్వాతే రావాలి. హిన్నెర్క్‌కి పన్నెండింటికి మందిస్తే మర్నాడు పొద్దున దాకా ఒళ్ళు తెలియని నిద్ర. అంటే వీబ్కే రోజూ వెళ్ళి నిద్రపోతున్న మనిషి పక్కన కూర్చుని రావాల్సిందే. అతను కళ్ళు తెరిచి ఉండేది పొద్దున్నే. ఎనిమిదింటికి మంచాన్ని కిటికీవైపు తిప్పేవాళ్ళు.

ఆ కిటికీకి ఎదురుగా, వీధికి ఇవతల, సరిగ్గా అదే ఎత్తులో ఉన్నది ఊరు మొత్తానికి ఒకే ఇల్లు. అది మేముండే ఇల్లు. కింది రెండు అంతస్తులూ ఇంటి యజమానురాలు హేఫెలేవి. పైన రెండు వాటాలు. ఒకటి నాది. రెండోది అప్పట్లో ఖాళీ. వీబ్కే వచ్చి దాన్ని అద్దెకడిగింది.

“మూడు నెలలు చూస్తాను,” అంది హేఫెలే, వీబ్కేని ఎగాదిగా చూసి. “నచ్చితే ఉంటావు. నచ్చకపోతే నీ పెట్టె నువ్వే మోసుకుని దిగుతావు. మెట్ల మీద పెట్టె ఈడవకూడదు.”

“ఎత్తుకునే దిగుతానండీ,” అంది వీబ్కే. “కానీ దిగను. చూస్తూ ఉండండి.”

హేఫెలేకి మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నవి ముప్పై ఎనిమిది మెట్లు. ఆవిడ నాన్న గని నుంచి సున్నపురాయి తెప్పించి, మూడు చలికాలాలు ఇసుకతోనూ ఉన్నిగుడ్డతోనూ తనే రుద్ది నునుపు తేల్చిన మెట్లు. ఆడవాళ్ళు వాటి మీద పావడా పట్టుకుని నడవాల్సిందే, లేకపోతే ఆ అద్దాల్లాంటి మెట్లలో కిందివాళ్ళకు అంతా కనిపించేది. దీన్ని పదితో భాగించనక్కరలేదు.

వచ్చిన మొదటి సోమవారం వీబ్కే తలుపు పిడికి చిన్న చెక్కపలక వేలాడుతూ కనిపించింది. మీద ‘ఊడ్పు వారం’ అని రాసి ఉంది. మా ప్రాంతంలో ఎవరి తలుపుకి ఆ పలక తగిలితే ఆ వారం మెట్లూ నడవా వాకిలీ ఊడ్చి తుడవడం వాళ్ళ వంతు. శనివారం మధ్యాహ్నం తనిఖీ. తర్వాత పలక పక్క తలుపుకి. వీబ్కే దాన్ని ఇంటివాళ్ళు స్వాగతం చెప్పడమనుకుంది. మురిసిపోయి దానికి నీలం రిబ్బను కట్టి, ఒక పువ్వు గుచ్చింది.

“ఎంత మర్యాదండీ మీ వాళ్ళకి!” అంది నాతో.

“మా వాళ్ళ మర్యాద నీకింకా పూర్తిగా తెలియలేదమ్మా,” అన్నాను. అంతకుమించి చెప్పలేదు. శనివారం హేఫెలే వచ్చి, దుమ్ము పట్టిన వాకిలి చూసి, రిబ్బను చూసి, అరగంట నోరు చేసుకుంది. నేను తలుపు వెనక నిలబడి కడుపు పట్టుకుని నవ్వాను.

అప్పటినుంచి వీబ్కే వొళ్ళు దాచుకోలేదు. తన వంతు వారంలో రోజూ తుడిచేది. కానీ తుడిచేది మా నీళ్ళతో కదా. గుడ్డ తీసిన చోటల్లా ఆరేసరికి తెల్లటి చారలు. మేమైతే తడిగుడ్డ వెనకే పొడిగుడ్డ తిప్పుతాం. అది మాకు తల్లిపాలతో వచ్చిన విద్య, అది తెలియనివాళ్ళుంటారని మాకు తోచదు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

“మెట్ల మీద ముగ్గులేస్తోంది మీ ఉత్తరాది అమ్మాయి,” అంది హేఫెలే నాతో. అరవై దాటిన మనిషిని అమ్మాయి అనడంలోనే ఉంది మజా.

మెట్లకంటే వీబ్కేని ఏడిపించింది కిటికీ. ఆ వాటా ఏళ్ళుగా ఖాళీ. కప్పు అంచున హేఫెలే పెట్టించిన పూల తొట్ల నీళ్ళు చట్రం సందులోంచి దిగి ఆ అద్దం లోపలివైపు కారి కారి, గాజు కాస్తా మజ్జిగ రంగుకొచ్చింది. ఆవిడ పొద్దున్నే ఎనిమిదింటికి కిటికీ దగ్గర నిలబడి చేతులు ఊపేది. తెరిచి ఊపుదామంటే ఆ రెక్క తెరుచుకోకుండా మేకులు కొట్టేసి ఉన్నాయి. అవతల హిన్నెర్క్ కళ్ళు ఇటే ఉండేవి. చూపు మాత్రం అద్దం దగ్గరే ఆగిపోయేది.

ఒకరోజు నా తలుపు తట్టింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“సబ్బు పెట్టాను, సోడా పెట్టాను, బూడిద పెట్టాను. కదలదండీ రాప్ గారూ. ఆయనకి నేను దయ్యంలా కనిపిస్తున్నానో, అసలు కనిపించడమే లేదో. మీరు నల్లా పనివారట కదా. ఏం చెయ్యాలి?”

అప్పుడు మాత్రం నేను నిజమే చెప్పాను. చక్కగా, పాఠంలా చెప్పాను. “వెనిగర్ వేడి చెయ్యి. పాతగుడ్డ అందులో ముంచి అద్దానికి పరిచినట్టు అతికించు. అరగంట కదపకు. ఆరిపోతుంటే మళ్ళీ తడుపు. తర్వాత చెక్కగరిటె అంచుతో మెల్లిగా గీకు, ఇనప పీచు ముట్టుకోకు, గీతలు పడతాయి. మంచినీళ్ళతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, పాత వార్తాపత్రికతో రుద్దు.”

“అంతేనా? వెనిగరా? మేం హెర్రింగు చేపలు ఊరేస్తామే, అదేనా?”

“అదే. మీ చేపలకంటే మా గార గట్టిది గానీ లొంగుతుంది. ముందు నీ కెటిల్లో పోసి చూడు.”

ఆవిడ వంటింటి కెటిల్లో అడుగున వేలెడు మందాన తెల్లటి పెచ్చు ఉంది. వెనిగర్ పోయగానే బుసబుస పొంగింది. వీబ్కే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“నురగ వస్తే ఏమిటండీ?”

“నురగ వస్తే మురికి పోయినట్టే,” అన్నాను. కెటిల్ విషయంలో అది వేదవాక్కే. ఇంకొక్క మాట చెప్పాల్సింది. ఆ గార సున్నం, మన మెట్లూ సున్నమే, వెనిగర్‌కి రెంటికీ తేడా తెలియదని. అప్పుడు మెట్ల ఊసే రాలేదు కాబట్టి చెప్పలేదు. అప్పటికి నా తప్పేమీ లేదు.

రెండు రోజులు అద్దానికి గుడ్డలు అతికించింది. వాటా అంతా ఊరగాయ జాడీ వాసన. మూడో రోజు పొద్దున్న ఎనిమిదింటికి గోడ అవతల ఒక్క కేక వినిపించింది. పడిందేమో అనుకుని పరిగెత్తాను. అద్దం ఉందో లేదో తెలియనంత తేటగా ఉంది. వీధికి అవతల తెల్ల దిండు మీద ఒక తల, దాని పక్కన ఎత్తిన ఎడమ చెయ్యి. అయిదు వేళ్ళూ విప్పి.

“చూశారా? చూశారా రాప్ గారూ? నన్నే! నాకే!” అంటూ ఆవిడ రెండు చేతులూ ఊపింది. ఏడుస్తూ ఊపింది. ఊపుతూనే నన్ను మోచేత్తో పొడిచింది. “మీకు నా చేతులతో చేపల పులుసు చేసి పెడతాను. కాదనకండి.”

పెట్టింది కూడా. పుల్లగా ఉంది. బాగుందన్నాను. అది అబద్ధం.

అప్పటినుంచి రోజూ ఎనిమిదింటికి ఆ చెయ్యి లేచేది. పావుగంట. తర్వాత నర్సమ్మలు వచ్చి మంచం తిప్పేసేవాళ్ళు. ఆ పావుగంట కోసం వీబ్కే తల దువ్వుకుని, మంచి గౌను వేసుకుని నిలబడేది. ఆ వాటా పోతే ఏం పోతుందో ఇంట్లో అందరికీ తెలుసు. హేఫెలేకీ తెలుసు. నాకైతే చేతులు ఊపడం గోడలోంచి వినిపించేది.

మూడు నెలలు నిండే శనివారం వచ్చింది. ఆ వారం పలక వీబ్కే తలుపుకే ఉంది. హేఫెలే ముందే చెప్పింది. “ఈ శనివారం మెట్ల మీద ఒక్క తెల్ల చార కనిపించినా నీ దారి నీది.”

శుక్రవారం పొద్దున్న హేఫెలే జుట్టు ఉంగరాలు చుట్టించుకోవడానికి వెళ్ళింది. అది మూడు గంటల పని. పది దాటాక బయటినుంచి సన్నగా బుసబుస వినిపించింది. ఆ చప్పుడు నాకు తెలుసు. జీవితమంతా గొట్టాల్లో విన్నదే. తలుపు తీశాను.

వీబ్కే మోకాళ్ళ మీద ఉంది. పక్కన బకెట్టు, నాలుగు వెనిగర్ సీసాలు. పైనుంచి అయిదో మెట్టు మీద నురగ పాలపొంగులా లేస్తోంది. నా మొహం చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది.

“రండి రండి, చూడండి! కెటిల్ కంటే ఎక్కువ పొంగుతోంది! ఎంత మురికి పట్టి ఉందో!”

నోరు తెరిచాను. ఆపమనడానికే తెరిచాను. నా మాట నమ్మండి, భాగించకుండా నమ్మండి. ఈలోపు ఆవిడే అంది, నవ్వుతూ.

“ఏమిటండీ, మీ వాళ్ళకి శుభ్రం శుభ్రం అని నోరే గానీ! నలభై ఏళ్ళ మురికండీ ఇది! మా ఊరి చేపల బజారు మెట్లు నయం. పలకలు తగిలించుకోవడం కాదు, తుడవడం రావాలి. రేపు మీ హేఫెలే గారి కళ్ళు తెరిపిస్తాను.”

చేపల బజారు. మా మెట్లని. నేను పుట్టింది ఈ వీధిలో. మా అమ్మ వాకిలి కడిగి కడిగి నడుము వంగి పోయింది. మొన్న మొన్న వచ్చి, పలకకి రిబ్బను కట్టిన మనిషి నాకు చెబుతోంది తుడవడం రావాలని. లోపల ఏదో చురుక్కుమంది. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“నిజమేనమ్మా. ఎంత పొంగితే అంత మురికి. నీళ్ళు కలపకు, చిక్కగానే పొయ్యి. మూలల్లో ఎక్కువ పొయ్యి.”

“అలాగేనండీ,” అంది ఎంతో నమ్మకంగా.

తలుపు వేసుకున్నాను. అప్పటికి పాడైనవి అయిదు మెట్లు. ముప్పై మూడు మిగిలి ఉన్నాయి. కుర్చీలో కూర్చుని, బుస ఒక్కో మెట్టూ దిగడం విన్నాను. నవ్వు వచ్చింది. ఆ నవ్వు గురించి అబద్ధం చెప్పను, బాగా వచ్చింది. హేఫెలే మొహం తలుచుకుంటే ఇంకా వచ్చింది. కిటికీ సంగతి గుర్తు రాలేదా అంటే, ఇరవయ్యో మెట్టు దగ్గర వచ్చింది. అప్పటికే సగం పైగా పోయాయి, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను.

తడిగా ఉన్నంతసేపు రాయి మెరుస్తుంది. జుట్టు చుట్టించుకుని తిరిగొచ్చిన హేఫెలే, తడిమెట్ల పక్కన గోడవారగా ఎక్కి, ఆశ్చర్యపోయి, ‘ఊఁ’ అని మాత్రం అంది. ఆ ‘ఊఁ’ విని వీబ్కే ఆ సాయంత్రం పాటలు పాడుకుంది.

శనివారం మధ్యాహ్నానికి మెట్లు పూర్తిగా ఆరాయి. ముప్పై ఎనిమిది మెట్లూ నీరుకావి పంచెలా వెలిసిపోయి ఉన్నాయి. నురగ పారిన చోటల్లా గుంటలు, అంచుల్లో బొక్కలు. వీబ్కే పై మెట్టు మీద నిలబడి వాటినే చూస్తోంది. చేతిలో పొడిగుడ్డ ఉంది. అప్పటికే రెండు గంటలుగా రుద్దుతోంది కాబోలు, వేళ్ళ చివర్లు ఎర్రబడ్డాయి.

హేఫెలే కిందినుంచి వచ్చింది. అలవాటుగా తెల్ల చేతిరుమాలు మెట్టు మీద జారవిడిచింది. అది జారలేదు, రాయికి పట్టుకుంది. హేఫెలే వంగి తీసుకోలేదు. చెప్పు విడిచి, మేజోడు విడిచి, వట్టి పాదం ఆ మెట్టు మీద ఆనించింది. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“మా నాన్న మూడు చలికాలాలు రుద్దాడు,” అంది. “నీకు ఎంతసేపు పట్టింది?”

“హేఫెలే గారూ, నాకు తెలియదండీ. చారలు పోవాలనే...”

“ఎంతసేపు?”

“మూడు గంటలు.”

“సోమవారం పొద్దున్నకి ఖాళీ చెయ్యి.”

వీబ్కే గబగబా నాలుగు మెట్లు దిగింది. “మెట్లు మళ్ళీ రుద్దుతానండీ. ఇసుకతో రుద్దుతాను. మీ నాన్నగారు ఎలా చేస్తే అలా, ఎన్ని ఏళ్ళైనా సరే. వాటా వద్దు. బొగ్గుల కొట్లో పడుకుంటాను. పొద్దున్నే ఎనిమిదింటికి పావుగంట ఆ కిటికీ దగ్గర నిలబడనివ్వండి. అది చాలు.”

“నేను ఇళ్ళు అద్దెకిస్తాను. కిటికీలు ఇవ్వను.”

అప్పుడు వీబ్కే నావైపు తిరిగింది. “మీరు చెప్పండి రాప్ గారూ. మీరే కదా అన్నారు, చిక్కగా పొయ్యమని! మూలల్లో ఎక్కువ పొయ్యమని!”

హేఫెలే కూడా నావైపు చూసింది. ఆ చూపులో నా వాటా ఉంది, నా నలభై ఏళ్ళ కుర్చీ ఉంది, నేను వంట చేసుకునే మూల ఉంది. కానీ నాకు తెలిసిన విద్య ఒకటుంది కదా.

“అమ్మా వీబ్కే,” అన్నాను, కన్నుగొట్టి. “మా చిన్నాన్న మోకాలు తొట్టిలో ఉండిపోయిందని కూడా నేనే చెప్పాను. వెళ్ళి వెతుకుతావా? ఈ ఊళ్ళో కుక్కపిల్ల కూడా నా మాట నమ్మదే!”

హేఫెలే నవ్వింది. మెట్లు పోయిన దుఃఖంలో కూడా ఫక్కున నవ్వింది. “ఆయన మాట నమ్మావా? రాప్ మాటా? అయ్యో నా తల్లీ, నీకంటే గొర్రె నయం.”

నేనూ నవ్వాను. వీబ్కే మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏడవలేదు. మనుషులు ఇలా ఉంటారా అన్నట్టు చూసి, లోపలికి వెళ్ళి పెట్టె తీసింది.

ఆదివారం నా తలుపు తట్టింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టలేదు.

“మీ కిటికీ కూడా అటే ఉంది. పొద్దున్నే పావుగంట రానిస్తారా? మెట్ల మీద చప్పుడు చెయ్యకుండా వస్తాను, చెప్పులు చేత్తో పట్టుకుని.”

“హేఫెలేకి తెలిస్తే నన్నూ పంపేస్తుందమ్మా. ఈ వయసులో నేనెక్కడికి పోను?”

ఆ మాట నిజమే. నేను చెప్పిన నిజాలన్నిటిలోకీ అదే నీచమైనది.

సోమవారం పొద్దున్న పెట్టె ఎత్తుకునే దిగింది. ఒక్క మెట్టుకీ తగలనివ్వలేదు. ఊరి చివర రైలు స్టేషను దగ్గర ఒక గది దొరికింది. ఆ రోజు ఎనిమిదింటికి అవతల చెయ్యి లేచింది. పావుగంట అయినా దించలేదు. మంచం తిప్పబోతే ఆ మూగమనిషి నర్సమ్మ వేలు కొరికాడట. మంగళవారమూ అంతే. బుధవారం, మధ్యాహ్నం చూడడానికి వచ్చేవాళ్ళని ఎరగని పొద్దుటి వంతు సన్యాసిని ఒకావిడ వీధి దాటి వచ్చి నన్ను పిలిచింది.

“పెద్దాయనా, మీ పక్క కిటికీలో ఎవరో ఉండేవారు కదా? మా రోగి చెయ్యి దించడం లేదు. చెయ్యి నీలం పడుతోంది. ఆవిడ మళ్ళీ వస్తుందా?”

చెప్పొచ్చు. ఆవిడ అతని పెళ్ళామని, రైలు స్టేషను దగ్గర ఉందని, పొద్దున్నే ఒక్క పావుగంట లోపలికి రానివ్వమని. రెండు ముక్కలు చాలు. కానీ అలా చెబితే ఎందుకు వెళ్ళిపోయిందని అడుగుతుంది. ఎవరు చెప్పారు వెనిగర్ పొయ్యమని అని అడుగుతుంది.

“ఆవిడా? సముద్రపు మనిషి సిస్టర్, మళ్ళీ చేపైపోయి ఈదుకుంటూ వెళ్ళిపోయింది,” అన్నాను.

ఆవిడ నవ్వింది, దండం పెట్టి వెళ్ళిపోయింది. గురువారం నుంచి హిన్నెర్క్ మంచం కిటికీవైపు తిప్పడం మానేశారు. గోడవైపే ఉంచారు. నా కిటికీలోంచి తెల్ల దిండూ, వెనక జుట్టూ కనిపిస్తాయి.

వీబ్కేకి ఇది తెలియదు, మధ్యాహ్నం ఆవిడ వెళ్ళేసరికి మంచం ఎప్పుడూ గోడవైపే ఉండేది కదా. రోజూ పొద్దున్నే అంత దూరం నడిచి వచ్చి వీధిలో నిలబడుతుంది, మంచి గౌను వేసుకుని. కిందినుంచి ఆ గది కిటికీ అడుగుచెక్క తప్ప ఏమీ కనిపించదు. హేఫెలే తలుపు దాటనివ్వదు. అందుకని మెడ వెనక్కి వంచి నన్నే అడుగుతుంది. నన్ను అడగడం తప్ప వేరే దారి లేదు మరి.

“రాప్ గారూ! లేచాడా?”

నేను కిటికీ తీసి అవతలికి చూస్తాను. వెనక జుట్టు. గోడ.

“లేచాడమ్మా. చెయ్యెత్తాడు.”

“నన్ను చూశాడా?”

“చూస్తున్నాడు. ఊపు, ఊపు, ఇంకాస్త ఇటు జరిగి ఊపు.”

ఆవిడ జరిగి, మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులూ ఊపుతుంది.